బోదురు కప్ప సాక్ష్యం

ఆ ఆషాఢంలో మా ఇంటిని రెండుగా చీల్చబోయింది మా ఆయన తల వంచడం. బర్రె తోక విసిరితే ఎవరైనా తల వంచుతారు, అందులో తప్పేముంది? కాని కళ్లు కనబడటం లేదని ఇరవై రోజులుగా మంచంలో కూర్చున్న మనిషి వంచకూడదు కదా.

మాది కిషన్‌బాగ్. పాలవాళ్లం. మా ఆయన మొగులయ్య, మరిది ఓదెలు, అత్త కాశమ్మ, నేను, మా పదకొండు బర్రెలు. అవి యుద్ధపు రోజులు, లాంతరులోకి కిరసనాయిలు దొరకడమే గగనంగా ఉండేది. తెల్లవారకముందే పాలు పితికి, వానైనా చలైనా శాలిబండ దాకా నవాబుల పెద్ద పెద్ద దేవిడీలకు మోసుకుపోవాలి. ఆ మోత ఎవరి వంతు అన్నదాని మీద ఒకరోజు అన్నదమ్ములు మాటా మాటా అనుకున్నారు. “రేపటి సంది నేను పోను, ఏం జేసుకుంటవో చేస్కో పో” అన్నాడు మా ఆయన. సరిగ్గా మరునాడు పొద్దున్నే కొత్తగా ఈనిన బర్రె ఆయనను తన్నింది. వెల్లకిలా పడ్డాడు. తల వెనకవైపు కుడితి తొట్టి రాతి అంచుకు కొట్టుకుంది. తెలివి వచ్చి కళ్లు తెరిచి, “దీపం ఎందుకు ఆర్పిన్రు?” అన్నాడు. అప్పటికి బారెడు పొద్దెక్కింది.

పురానాపూల్ వంతెన అవతల ఒక డాక్టరు సాబ్ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన కళ్లలో బ్యాటరీ లైటు వేసి చాలాసేపు చూసి, “ఆంఖే తో బిల్కుల్ ఠీక్ హై” అన్నాడు, కళ్లకేమీ కాలేదని. దెబ్బ తలకు తగిలింది, ఆ సంగతి ఇప్పుడే ఏమీ చెప్పలేను, రెండు నెలలాగి తీసుకురండి అని కూడా అన్నాడు. మా అత్త మొదటి ముక్కను ఇంటిదాకా భద్రంగా మోసుకొచ్చింది. రెండో ముక్కను వంతెన మీదనే వదిలేసింది.

తల వంచిన సంగతి మొదట పట్టుకున్నది ఓదెలు. ఆ సాయంత్రం మా ఆయన కొట్టం ముందు కూర్చున్నాడు. ఈగలకు విసుగెత్తి బర్రె తోక విసిరింది. ఆయన తల ఠక్కున పక్కకు తప్పుకుంది.

“అమ్మా, చూసినవా? గుడ్డోడు తోకను తప్పించుకున్నడు!” అని ఓదెలు అరిచాడు. అప్పటికప్పుడు భుజం మీది తువ్వాలు తీసి అన్న ముఖం ముందు ఊపాడు. ఆయన మళ్లీ వెనక్కి వంగాడు.

“ఏందిరా అది? మీదికి ఏదో ఒచ్చింది” అన్నాడు మా ఆయన కంగారుగా.

“ఏదో ఒచ్చిందట! రేపటి సంది పోను అన్నడు గద. మా అన్న మాట మీద మస్తు నిలవడ్డడు” అని ఓదెలు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

ఆ పూటతో ఇల్లు మారిపోయింది. మా అత్త కొడుకుతో మాట మానేసింది. ఓదెలు రోజూ రెండు వంతుల పాలూ మోసి, వచ్చి చెంబులు చప్పుడయ్యేలా దించేవాడు. మరి నేనో? నిజం చెప్పుకోవాలి, నేనూ నమ్మలేదు. ఒకరోజు ఆయన నడిచే దారిలో పీట పెట్టి, గోడ పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఆయన నేరుగా వచ్చి దాని మీదే పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది. పరుగెత్తి లేపాను కాని, లోపల మాత్రం, అబ్బ, పడటం కూడా ఎంత బాగా పడ్డాడు అనుకున్నాను. ఇప్పటికీ అది గుర్తొస్తే నాకు అన్నం సహించదు.

“బోనాలకు చుట్టాలంత ఒస్తరు” అన్నది అత్త ఒకనాడు పిడకలు కొడుతూ. “అయిన తెల్లారి సోమారం గుండయ్యను కూసోవెడ్త. నిజంగనే కనవడకపోతె నా కొడుకును కండ్లల్ల వెట్టుకొని సాదుకుంట. నాటకమని తేలితె, నీ మొగన్ని తోల్కొని నీ దారి నువ్వు చూస్కో. చిన్నోని నడుము ఇరిగిపోతున్నది.”

“నాకెందుకు చెప్తున్నవ్ అత్తమ్మా?”

“ఇంకెవర్ని అడుగుతరే? నీ మొగనికి కండ్లు కనవడ్తున్నయో లేదో నిన్ను గాక బర్రెలను అడుగుతరా?”

గుండయ్య మా కులపెద్ద. మొగుడి గురించిన తగాదా ఏది వచ్చినా చివరి మాట పెళ్లాన్నే అడగడం ఆయన పద్ధతి. ఆమె చెప్పాక ఇక తిరుగు లేదు. అంటే మా ఆయన ఇంట్లో ఉండటమూ వీధిన పడటమూ నా నోటి మాటలో ఉంది. గడువు పన్నెండు రోజులు. అడిగితే ఏం చెప్పను? తోకను తప్పించుకోవడం నేనూ నా కళ్లతోనే చూశాను.

ఇక సేట్ సంగతి చెప్పాలి. కుడితి తొట్టి కింద తడిలో ఒక బోదురు కప్ప ఉండేది. ఒళ్లంతా పులిపిర్లు, ఇంత పొట్ట, దుకాణంలో మెత్త మీద కూర్చున్నట్టు కదలకుండా కూర్చునే తీరు. దానికి సేట్ అని పేరు పెట్టింది నేనే. నాకు చిన్నప్పటినుంచి ఒక జబ్బు ఉంది. ఏ చీమో పురుగో కనబడితే చేతిలో పని మరిచిపోతాను. మా అమ్మ ఎన్ని దెబ్బలు వేసినా ఆ జబ్బు కుదరలేదు, పెళ్లయ్యాక అత్త తిట్లకూ కుదరలేదు.

ఒక సాయంత్రం వాన వెలిసి ఉసిళ్లు లేచాయి. కొట్టం గుంజకు తగిలించిన లాంతరు చుట్టూ ముసిరి, రెక్కలు రాలి కింద పడుతున్నాయి. సేట్ మెల్లగా వచ్చి వాటి మధ్య కూర్చున్నాడు. పాకుతున్న ఒక్కో ఉసిలునూ నాలుకతో అందుకుని మింగుతున్నాడు. మింగేటప్పుడు వాడి కళ్లు రెండూ తలలోకి దిగిపోయి మళ్లీ పైకి లేస్తాయి. నేను పాలచెంబు పక్కన పెట్టి చతికిలబడ్డాను. కాసేపటికి కింద పడినవి చాలావరకు చచ్చి కదలడం మానేశాయి. సేట్ మూతి కిందనే గుప్పెడు ఉన్నాయి. వాడు వాటివైపు చూడనైనా లేదు. దూరంగా ఒకటి రెక్క ఆడించింది. వాడు చచ్చినవాటిని తొక్కుకుంటూ దానికోసం పోయాడు.

“ఓరి, కడుపునిండ తిండి ముంగట వెట్టుకొని ఏడికి వోతున్నవ్ రా?” అన్నాను పైకే.

చచ్చిన ఉసిలునొకదాన్ని తీసి వాడి ముందు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. చీపురు పుల్లతో దాన్ని కొద్దిగా తోశాను. వెంటనే మాయమైంది. ఇంకొకటి పెట్టి తోయకుండా చూశాను. వాడు దాని పక్కనే ఆకలితో కూర్చున్నాడు. అది ఉసిలని వాడికి తెలియదా? మరి తోసినప్పుడు ఎలా తెలిసింది?

ఆ రోజునుంచి నాకు అదే ధ్యాస. పాలు పితకడం కాగానే చీపురు పుల్ల ముక్కకు ఒక కొసన దారం కట్టి నేల మీద లాగేదాన్ని. పుల్ల పురుగులా పొడుగ్గా పాకిపోతుంటే సేట్ అటు తిరిగి, ముందుకు వంగి, రెండు కళ్లతో గురిచూసి కొట్టేవాడు. పుల్ల నోట్లోకి పోకపోయినా ముందుకాళ్లతో మూతి తుడుచుకునేవాడు. చూసి చూసి నాకు నవ్వు ఆగేది కాదు. తరువాత అదే పుల్లను దారానికి నిలువుగా వేలాడదీసి అదే దారిలో జరిపాను. వాడికి పట్టనే లేదు. అదే పుల్ల! పడుకోబెట్టి లాగితే తిండి, నిలబెట్టి జరిపితే ఏమీ కాదు. నా అరచేయి మీదికి తెస్తే మాత్రం నేలకు అణిగి, ఒళ్లు ఉబ్బించుకుని కూర్చునేవాడు. వాడు చూసేది వస్తువును కాదని నాకు అర్థమైంది. వాడు దాని పోకడను చూస్తాడు. కదలనిది వాడి లెక్కలో ఉన్నా లేనట్టే.

“బర్రెలు మొత్తుకుంటుంటె కప్పతోని ఆటలా?” అని అత్త లోపలినుంచి అరిచేది. నేను దారం కొంగులో దాచుకునేదాన్ని.

బోనాలు ఇంకా రెండు రోజులున్నాయనగా, ఒక మధ్యాహ్నం మా ఆయనకు జొన్నరొట్టె పెట్టాను. ఆయన చెయ్యి నేల మీద తడుముతోంది. కంచం జానెడు దూరంలో ఉంది. నేను రోజూలాగే చెంబు పట్టుకుని ఎదురుగా నిలబడి, కనిపెట్టి చూస్తున్నాను. చెయ్యి ఎటు పోతుంది, కన్ను ఎటు పోతుంది, ఇదే నా పని. ఒక ఈగ వచ్చి రొట్టె మీద వాలింది. కాసేపు ఊరుకుంది. తరువాత రొట్టె అంచు వెంట పాకింది. అప్పటిదాకా నేల తడుముతున్న ఆయన వేలు తిన్నగా వచ్చి ఈగ మీద పడింది. ఈగ లేచిపోయింది. వేలు రొట్టెకు తగిలింది.

“ఓ, రొట్టె ఈడున్నదా?” అన్నాడు.

నేను కింద కూర్చున్నాను. చెంబును ఆయన కళ్ల ముందు కదలకుండా పట్టుకున్నాను.

“ఇప్పుడేమన్న కనవడ్తున్నదా?”

“లేదు.”

చెంబును పక్కకు జరిపాను.

“ఆఁ, ఏదో పోయింది. అటు.” వేలు సరిగ్గా చెంబు పోయిన వైపే చూపించింది.

“ఏం పోయింది?”

“ఏమో. రంగు లేదు, పేరు లేదు. ఒకటి పోయినట్ల అయితది, గంతే. ఆగంగనే ఉండది.” చెయ్యి చాపి రొట్టె అంచు తడిమాడు. “ఆండాలూ, తోక ఒస్తె తెలుస్తది, తొట్టి తెల్వది. గిదెట్ల చెప్పాలె ఎవరికన్న? అమ్మ నాటకం అంటుంటె, నిజంగనే నాటకం ఆడ్తున్ననేమో అని నాకే అనిపిస్తున్నది. నా మీద నాకే నమ్మకం పోయింది.”

“నాకన్న చెప్పొద్దా?”

“నువ్వు అడగలే గద” అన్నాడు.

ఆ మాట మెత్తగానే అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను పీట పెట్టాను, దాక్కున్నాను, లెక్కలు కట్టాను. అడగడం మాత్రం మరిచిపోయాను. మా ఆయన కప్ప కాదని నాకూ తెలుసు. కప్ప పుట్టుకే అంత, ఈయనకు దెబ్బతో వచ్చింది. కాని సేట్ వెనకాల అన్ని సాయంత్రాలు తిరగకపోతే ఆ ఈగ నా కంటికి ఆనేది కాదు.

సోమవారం వచ్చింది. బోనాల వేపాకులు ఇంకా గుమ్మానికి పచ్చగానే ఉన్నాయి. చుట్టాలంతా మా వాకిట్లో చేరారు. గుండయ్య నులకమంచం మీద కూర్చున్నాడు. మా ఆయన చాప మీద. ఓదెలు బర్రెలు తోలే కట్టె తీసుకుని, “చూడుండ్రి” అని అన్న తలకు దగ్గరగా ఒకసారి ఊపాడు. ఆయన వంగాడు. వాకిలంతా గొల్లుమంది.

గుండయ్య నావైపు తిరిగాడు. “బిడ్డా ఆండాలూ, ఇగ నువ్వు చెప్పు. నీ మొగనికి కనవడ్తదా, కనవడదా?”

“కనవడ్తది పెద్దయ్యా. కనవడది గూడ.”

“గిదేంది? ఒక్క మాట చెప్పాలె.”

“ఒక్క మాటల చెప్పరాదు పెద్దయ్యా. నా సాక్షిని తెస్త” అని, పొద్దున్నే గంప కింద మూసిపెట్టిన సేట్‌ను రెండు చేతులతో పట్టుకొచ్చి వాకిట్లో దించాను.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వులు ఇంటి కప్పును తాకాయి. నేను పట్టించుకోకుండా చచ్చిన వానపామును వాడి ముందు పెట్టాను, దారం కట్టిన పుల్ల తీశాను. “చూడుండ్రి, కదలకుంటె తినడు, కదిలితె తింటడు” అని లాగాను. సేట్ తినలేదు. చుట్టూ నలభై మంది. ఒకరు కాలు మారుస్తారు, ఒకరు చెయ్యి ఊపుతారు. వాడు నేలకు అణిగి, ఒళ్లు ఉబ్బించి, బెల్లం ముద్దలా కూర్చున్నాడు. మళ్లీ లాగాను. మూడోసారి లాగాను.

“సాక్షి నోరిప్పుతలేడు” అన్నారెవరో.

“వదినె, కప్ప గూడ నాటకమే ఆడ్తున్నది” అన్నాడు ఓదెలు.

గుండయ్య మీసాలు కూడా నవ్వుతో కదిలాయి. నాకు ఏడుపొచ్చింది. దానికంటే ఎక్కువ కోపమొచ్చింది, సేట్ మీద కాదు, నవ్వేవాళ్ల మీదా కాదు, నా మీద. చాప మీద మా ఆయన ముఖం ఎవరు కదిలితే అటు తిరుగుతోంది, ఎవరు ఆగితే అక్కడ దారి తప్పుతోంది. ఇంతకంటే సాక్ష్యం ఎక్కడుంది?

“ఓదెలూ” అన్నాను. “కట్టె ఊపినవ్ గద. ఇప్పుడు ఊపకు. మీ అన్న ముఖానికి అడ్డంగ పట్టుకొని నిలవడు. చెయ్యి కదలొద్దు.”

“నిలవడితె ఏమైతది?”

“నిలవడు నువ్వు.”

వాడు భుజాలెగరేసి కట్టెను కనుబొమ్మల ఎత్తున అడ్డంగా పట్టుకున్నాడు. మా ఆయనకు నేనేమీ చెప్పలేదు. అవతల నిలబడి, “లేచి నా దిక్కు రా” అన్నాను. ఆయన లేచాడు. అడుగు వేశాడు. అందరూ తల వంచుతాడని చూస్తున్నారు. ఆయన వంచలేదు. కట్టె ఠప్పున కనుబొమ్మకు తగిలింది. తోలు చిట్లి రక్తం వచ్చింది. ఆయన వెనక్కి జరిగి, ఏది తగిలిందో తెలియక గాలిలో చెయ్యి తిప్పుతూ వేరేవైపు వెతుకుతున్నాడు. కట్టె అక్కడే ఆయన కళ్ల ముందరే ఉంది.

ఓదెలు రక్తం చూశాడు. వాడి చెయ్యి వణికింది. చేతిలో కట్టె కూడా వణికింది. అంతే, మా ఆయన చెయ్యి తిన్నగా వచ్చి కట్టెను పట్టుకుంది.

“ఇప్పుడు కనవడ్డది” అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. ఓదెలు కట్టె వదిలేసి అక్కడే కూలబడ్డాడు. “అన్నా, తప్పుకుంటవనే అనుకున్ననే. తప్పుకుంటవనే పట్టుకున్న” అంటూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. మా అత్త కొంగుతో కొడుకు నుదురు అదిమి, తల ఊపుకుంటూ రాగం తీసింది.

గుండయ్య మంచం దిగాడు. మా ఆయన ఎదురుగా వచ్చి కదలకుండా నిలబడ్డాడు. తరువాత చెయ్యి ఎత్తి నెమ్మదిగా పక్కకు జరిపాడు. మా ఆయన కళ్లు దాని వెంట పోయాయి. చెయ్యి ఆపాడు. కళ్లు జారిపోయాయి. మళ్లీ జరిపాడు, మళ్లీ ఆపాడు. అలా ఎన్నిసార్లు చేశాడో. తగాదా తీర్చడానికి వచ్చానన్న సంగతి ఆయన మరిచిపోయినట్టున్నాడు.

“ఇంత వయసు ఒచ్చింది, గిసొంటిది ఎన్నడు చూడలే” అని గొణిగి, చివరకు గొంతు సవరించుకున్నాడు. “ఇల్లు ఒక్కటే. మోసుడు ఓదెలుది. పితుకుడంత ఇగ మొగులయ్యది. పొదుగు పట్టనీకి చేతులు సాలు, కండ్లు అక్కెర లేదు. ఫికర్ లేదు, పోండ్రి.” పోతూ పోతూ నావైపు వంగి, “బిడ్డా, ఆ కప్పను తీస్కపోయి తడిల విడువు. భయపడ్డది” అన్నాడు.

ఆ సాయంత్రం ఆయనకు రొట్టె పెట్టి, ఇక్కడుంది అన్నట్టు కంచం మీద వేలితో కొట్టాను. ఆయన తినడం మొదలుపెట్టలేదు. నుదుటికి కట్టిన గుడ్డ మీద పసుపు మరక ఉంది.

“అమ్మ ఇయ్యాల కనవడ్డది” అన్నాడు. “తల ఊపుకుంట ఏడ్సింది గద. ఓదెలు గూడ చేతులు తిప్పుకుంట మాట్లాడ్తడు, ఎంతో కొంత కనవడ్తడు. నువ్వే కనవడవు.”

“పొద్దంత నీ ముంగటనే తిరుగుతుంట గద?”

“తిరిగితె చీర పోయినట్ల అయితది. ముఖం చూద్దామనుకునేసరికి ఆగుతవ్. తిండి వెట్టి, ముంగట నిలవడి ఊకె నా దిక్కు చూస్తవ్. నువ్వున్నవని తెలుస్తది. నువ్వు మాత్రం ఉండవు.”

ఇన్ని రోజులూ రెప్ప వేయకుండా ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆయన అబద్ధం ఎక్కడ బయటపడుతుందా అని. ఎంత పట్టి పట్టి చూశానో, ఆయనకు అంత లేకుండా పోయాను.

ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ముఖం దగ్గరగా పెట్టాను. తల అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాను. మొదట సిగ్గేసింది. ఆయన కళ్లు ఎక్కడో గోడ దగ్గర ఉన్నాయి. ఇంకా గట్టిగా ఊపాను. జడ వీపుకు కొట్టుకుంది. ఆయన కళ్లు గోడను వదిలి, వెతుక్కుంటూ వచ్చి, నాతోపాటు అటూ ఇటూ పోవడం మొదలుపెట్టాయి.

గుమ్మంలోకి వచ్చిన ఓదెలు అది చూసి, “అమ్మా, వదినెకు పూనకం ఒచ్చింది!” అని వెనక్కి పరుగెత్తాడు.

మెడ నొప్పెట్టింది. కన్నీళ్లు రెండు చెంపలకూ చెదిరాయి. ఆయన ముఖం మెల్లగా విచ్చుకుంది.

“ఆపకు” అన్నాడు.

నేను ఆపలేదు.